చుక్క మందు ఎక్కడికి పోతుంది?

(గుంటూరులో కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు బల్ల మీదున్న ఈ రెండు సీసాల సంగతి చెప్పేస్తాను, లేకపోతే నేను మాట్లాడినంతసేపూ మీ కళ్లు వాటి మీదే ఉంటాయి. రెండింట్లోనూ ఉన్నది ఒకటే. పొద్దున బెజవాడ ఆటోనగర్లో ఒక మెకానిక్‌ని అడిగి పాత ఇంజనాయిల్ తెచ్చుకున్నాను, అందులో ఉప్పునీళ్లు పోసి మిక్సీలో తిప్పాను (ఇంట్లో వాడే మిక్సీ కాదులెండి, అటక మీది పాతది). ఇప్పుడిందులో నూనె ఏది, నీళ్లు ఏవి అంటే చెప్పలేం, కాఫీపొడి కలిపిన మీగడలాగా తయారైంది. కుడివైపు సీసాలో డ్రాపర్‌తో నాలుగు చుక్కలు డీమల్సిఫయర్, అంటే కలిసిపోయిన నూనెనీ నీళ్లనీ విడగొట్టే రసాయనం, వేస్తున్నాను. మూతపెట్టి బాగా కుదిపి రెండింటినీ ఈ వేణ్ణీళ్ల గిన్నెలో పెట్టేస్తా. కాసేపు వాటిని మర్చిపోండి.

ముప్పయ్యేళ్లు నేను చేసిన ఉద్యోగం ఇదే, కాకపోతే సీసాల బదులు రిఫైనరీలు. ప్లాంటులో మేం దీన్ని కెమికల్ అంటాం, ఇంట్లో మాత్రం నేను మందు అనే అంటాను. గుంటూరులో మందు అంటే వెంటనే మిరపచేలో కొట్టేది గుర్తొస్తుంది కదా, అదీ మంచిదే. పక్క చేనువాడు కొట్టాడని మనమూ కొట్టడం, ఒకటి పనిచెయ్యకపోతే రెండు కలిపి కొట్టడం, తీరా చూస్తే పురుగు పోయింది కానీ మందు కాయ మీద మిగిలి సరుకు వెనక్కి రావడం... రిఫైనరీలోనూ ఇవన్నీ జరుగుతాయి, నేనూ చేశాను, ఆ కథ కాసేపాగి చెబుతా.

ఎంత వేస్తాం? ఈ లెక్క ఒక్కటి కాగితం మీద వేసుకోండి. విశాఖ రిఫైనరీ మీ అందరికీ తెలుసు, 1957లో కాల్టెక్స్ వాళ్లు మొదలుపెట్టింది, ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. విస్తరణ తర్వాత దాని సామర్థ్యం ఏడాదికి కోటీ 50 లక్షల టన్నులు. రోజుకి ఇంచుమించు 41,000 టన్నుల క్రూడ్, అంటే ముడిచమురు, అన్నమాట. 20 వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే ఒక్కోదానికి 17 టన్నులు, అంటే 2,400 ట్యాంకర్లు. ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదానికి 13 మీటర్లు వేసుకుని నిలబెడితే బెజవాడ వారధి దగ్గర మొదలైన వరస గుంటూరు ఊళ్లోకి వచ్చేస్తుంది. ఒక్క రోజు క్రూడ్ అది. అంత క్రూడ్‌కి డీమల్సిఫయర్ 5 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి అయిదు పాళ్లు, వేస్తే ఎంత? 205 కిలోలు. ఒక్క డ్రమ్ము! ఆ వరస మొత్తానికీ ఒక డ్రమ్ము. ఆ డ్రమ్ము తేడా వస్తే సాయంత్రానికి యూనిట్ తిరగబడుతుంది.

అసలు ఎందుకు వెయ్యాలి? క్రూడ్‌తోపాటు భూమిలోంచి ఉప్పునీళ్లూ వస్తాయి. సోడియం, మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లు. మెగ్నీషియం క్లోరైడు వేడెక్కితే ఊరుకోదు, నీటితో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది. సోడియం క్లోరైడు కొంచెం నయం, అంత తొందరగా విడిపోదు. ఆ ఆవిరి పొడిగా ఉన్నంతసేపు ఇనుమునేమీ చెయ్యదు. క్రూడ్‌ని మరిగించి విడగొట్టే క్రూడ్ కాలమ్ పైనుంచి బయటికొచ్చి చల్లబడేటప్పుడు ఎక్కడైతే మొట్టమొదటి నీటిచుక్క పుడుతుందో, అక్కడ ఆ ఆమ్లమంతా ఆ చుక్కలోకి దూకేస్తుంది. చుక్క చిన్నది, ఆమ్లం బోలెడు. గొట్టానికి చిల్లు పడేది సరిగ్గా అక్కడే. కింద డ్రమ్ములో నీళ్లు తీసి పీహెచ్ చూస్తే 6 ఉంటుంది, అంతా బాగుందనుకుంటాం, పది మీటర్ల పైన గొట్టం కరిగిపోతుంటుంది.

అందుకని ముందే డీసాల్టర్లో ఉప్పు కడిగేస్తారు. క్రూడ్‌ని 130 డిగ్రీల దాకా వేడిచేసి, నూటికి ఓ అయిదు పాళ్లు మంచినీళ్లు కలిపి, వాల్వు గుండా గట్టిగా తోసి, వేల వోల్టుల కరెంటున్న పెద్ద డ్రమ్ములోకి పంపుతారు. చిన్న చిన్న నీటిబొట్లు ఒకదాన్నొకటి లాక్కుని పెద్దవై కిందికి దిగాలి. దిగవు. ఎందుకంటే ప్రతి బొట్టు చుట్టూ ఆస్ఫాల్టీన్లు, అంటే క్రూడ్‌లోని బరువైన జిగురు పదార్థాలు, ఒక పొరలా అల్లుకుని ఉంటాయి. మీ ఇళ్లలో చలికాలం మజ్జిగ చిలుకుతూ వెన్న రాక విసుక్కుంటుంటే అమ్మమ్మ కాసిని వేణ్ణీళ్లు పొయ్యమంటుంది చూశారా, అదే కష్టం. వెన్న లేక కాదు, బొట్టు బొట్టూ తన పొరలో తానుండి కలవనంటుంది. డీమల్సిఫయర్ ఆ పొరలోకి దూరి దాన్ని చింపుతుంది. అంతే దాని పని.

ఇక నా కథ. ఏ రిఫైనరీ అనేది వద్దు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, మందు అమ్మే కంపెనీ తరఫున రాత్రి షిఫ్టులో ఒక్కణ్ణే ఉన్నాను. డీసాల్టర్‌కి పక్కన వేర్వేరు ఎత్తుల్లో చిన్న కుళాయిలుంటాయి, ట్రై-కాక్ అంటారు. పై కుళాయి తిప్పితే నూనె రావాలి, కింది కుళాయి తిప్పితే నీళ్లు రావాలి, మధ్యలో ఈ మీగడ కొంచెం ఉంటుంది, దానికి మావాళ్ల పేరు ర్యాగ్. ఆ రాత్రి పదకొండింటికి మధ్య కుళాయిలో ఉండాల్సిన ర్యాగ్ పై కుళాయిలోకి వచ్చింది. నేనేం చేశాను? డోసింగ్ పంపు స్ట్రోకు పెంచాను. ఒంటిగంటకి ఇంకా పైకి పాకింది. మళ్లీ పెంచాను. మూడింటికి కింద పోయే నీళ్లు టీ డికాక్షన్ రంగుకొచ్చాయి, సీసా పట్టుకుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెడితే అవతల ఏమీ కనపడలేదు. చెమటలు. ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్స్ ఎగబాకుతున్నాయి, నూనెలోకి నీళ్లు వెళ్తున్నాయన్నమాట. మళ్లీ పెంచబోతుంటే ముప్పయ్యేళ్ల సర్వీసున్న పెద్ద ఆపరేటర్ ఒకాయన బీడీ వాసనతో వచ్చి, సీసా నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ వంచి చూసి, "బాబూ, మీ మందు సగం చేసి చూడండి ఒకసారి" అన్నాడు. నాకు కోపం వచ్చింది కూడా. సగం చేసి, మిక్సింగ్ వాల్వు దగ్గర తోపు తగ్గించి, టీ తాగి వచ్చేసరికి కింది నీళ్లలో అవతలి గోడ కనపడింది.

మందు ఎక్కువైతే అదే మళ్లీ బొట్టు చుట్టూ పొర కడుతుంది, విడగొట్టాల్సింది కలిపి ఉంచుతుంది. నాకు పుస్తకంలో తెలుసు ఈ సంగతి! తెల్లారాక తేలిందేమిటంటే, ఆ సాయంత్రం ఎవరో ట్యాంకులోకి స్లాప్ ఆయిల్ కలిపారు, ప్లాంటులో పోగైన మడ్డి నూనె అది, నిండా సన్నటి మట్టీ ఇనపరజనూ. నేను మాత్రం జబ్బేమిటో అడక్కుండా మందు పెంచుకుంటూ పోయాను. అప్పట్నుంచీ ఏ కెమికల్ వేసినా రెండు ప్రశ్నలు అడుగుతాను: ఎందుకు వేస్తున్నాం, పని అయ్యాక ఇది ఎక్కడికి పోతుంది? మొదటిది అందరూ అడుగుతారు. రెండోదాని గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

కోకర్ సంగతి చూడండి. అన్నీ తీసేశాక మిగిలిన మడ్డిని అయిదొందల డిగ్రీల దాకా వేడిచేసి పెద్ద డ్రమ్ముల్లో నింపి బొగ్గు చేస్తారు. నింపేటప్పుడు నురగ పొంగుతుంది. కుక్కర్ లేని రోజుల్లో గిన్నెలో కందిపప్పు పొంగుతుంటే మా అమ్మ ఒక్క చుక్క నూనె వేసేది, నురగ టక్కున చచ్చేది. ఇక్కడ వేసేది సిలికోన్. అది వెయ్యకపోతే నురగ పై గొట్టాల్లోకి పోయి అక్కడ బొగ్గై కూర్చుంటుంది, అప్పుడు మొత్తం ఆపుకోవాలి. సరే, నురగ చచ్చింది. సిలికోన్ ఎక్కడికి పోయింది? ఆ వేడికి ముక్కలై, ఆ ముక్కలు ఎక్కువ భాగం నాఫ్తాతోపాటు, అంటే పెట్రోలు లాంటి తేలిక నూనెతోపాటు, ఆవిరై, తర్వాతి యూనిట్లో గంధకం తీసే హైడ్రోట్రీటర్ క్యాటలిస్టు మీద వాలతాయి. క్యాటలిస్టు మీద బొగ్గు పడితే కాల్చి వదిలించుకోవచ్చు, సిలికోన్‌లోని సిలికాన్ పడితే కాలదు, రంధ్రాలు మూసుకుపోతాయి, తీసి పారెయ్యడమే. కోకర్ షిఫ్టులో ఎవరో భయంతో పంపు రెండు గంటలు ఎక్కువ తిప్పుతారు, దాని బిల్లు ఏడాది తర్వాత పక్క యూనిట్ వాళ్లకి వస్తుంది. ఇద్దరూ క్యాంటీన్లో ఒకే టేబుల్ దగ్గర ఇడ్లీ తింటుంటారు, ఒకరికొకరు చెప్పుకోరు.

ఇంకా దూరం నుంచి వచ్చే మందులూ ఉన్నాయి. చమురుబావి దగ్గర, ఓడలో, క్రూడ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే మనుషులకి ప్రాణాంతకం, దాన్ని చంపడానికి ట్రయజీన్ అని ఒకటి వేస్తారు. పని అయ్యాక అది ఎమీన్‌గా, అంటే అమోనియా జాతి క్షారంగా, మిగులుతుంది. ఆ ఎమీన్ ప్రపంచం చుట్టి మన క్రూడ్ కాలమ్ పైకెక్కి, మనం చెప్పుకున్న ఆ ఆమ్లంతో కలిసి, నీటిచుక్క పుట్టకముందే ఉప్పుగా ట్రేల మీద పేరుకుని, దాని కింద ఇనుము తింటుంది. మనం కొన్నది కాదు, మనం వేసింది కాదు. దాని విరుగుడుకి డీసాల్టర్ కడుగునీళ్లలో కాస్త ఆమ్లం కలిపి ఎమీన్‌ని నీళ్లవైపు లాగాలి, అంటే మందుకి మందు. అందుకే నేను క్రూడ్ కొనే డిపార్ట్‌మెంట్ వాళ్లతో స్నేహంగా ఉండమంటాను, ధర మాత్రమే చూసి కొనేస్తారు వాళ్లు.

ఎఫ్‌సీసీ అని, బరువైన నూనెని క్యాటలిస్టుతో పగలగొట్టి పెట్రోలు, గ్యాసు చేసే యూనిట్ ఒకటుంది, దాని గురించి గంటసేపు చెప్పొచ్చు కానీ ఒక్కమాటతో వదిలేస్తా. క్రూడ్‌తో వచ్చి క్యాటలిస్టుని చెడగొట్టే నికెల్‌ని నిద్రపుచ్చడానికి యాంటిమనీ, కార్బన్ మోనాక్సైడు కాలిపోవడానికి పిసరంత ప్లాటినం, ప్రొపిలీన్ ఎక్కువ రావడానికి జెడ్‌ఎస్‌ఎం-5 అనే ఇంకో క్యాటలిస్టు. ఆ ప్లాటినం వేస్తే మోనాక్సైడు తగ్గుతుంది, పొగగొట్టంలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఇదీ అదే కథ.

ఒక తమాషా. మీ వంటగ్యాసుకి దానంతట దానికి వాసన లేదు. రిఫైనరీలో దాంట్లోని మెర్‌కాప్టాన్లని, అంటే దుర్వాసన గంధకాలని, పనిగట్టుకుని కడిగేస్తాం. కడిగేసి, మళ్లీ ఇథైల్ మెర్‌కాప్టాన్ కొలిచి కలుపుతాం, లీకయితే ముక్కుకి తెలియాలి కాబట్టి. తీసిందీ మనమే, వేసిందీ మనమే! డీజిల్‌దీ అలాంటిదే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది, గంధకం 10 పీపీఎంకి దిగింది. దించడానికి హైడ్రోజన్‌తో గట్టిగా కడిగితే, డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడుగుణం కూడా కొట్టుకుపోతుంది, ఇంజను పంపు అరిగిపోతుంది. అందుకని కొవ్వు ఆమ్లాల జాతి మందు కొంచెం కలుపుతారు. కలిపేది ఎక్కడ అన్నది చాలా ముఖ్యం. కొండపల్లి టెర్మినల్స్ దాకా వచ్చే విశాఖ - విజయవాడ - సికింద్రాబాద్ లాంటి పైపులైన్లలో పెట్రోలు, డీజిల్, కిరోసిన్ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఇలాంటి మందు ఇనపగోడకి అంటుకునే రకం. విమానాల ఇంధనం నడిచే లైన్లో ముందు మందున్న డీజిల్ పోతే, ఆ వెనక వచ్చే ఇంధనం గోడ మీదున్నదాన్ని తుడుచుకుని పోతుంది. విమానం ఇంధనంలో అలాంటివి ఉండకూడదు. అందుకే అలాంటి లైన్లలో మందు పైపులోకి వెయ్యకుండా టెర్మినల్లో, లోడింగ్ దగ్గర కలపడం మేలు.

రెండో ప్రశ్న అడగనందుకు జనం ఎంత మూల్యం కట్టారో చెప్పాలంటే సీసం కథే. 1921 డిసెంబరులో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు అమెరికాలో కనిపెట్టాడు, టెట్రా ఇథైల్ లెడ్ కొంచెం వేస్తే పెట్రోలు ఇంజను నాకింగ్, అంటే టకటకా కొట్టుకోవడం, ఆగిపోతుందని. నిజంగా ఆగింది. కెమికల్‌గా చూస్తే అద్భుతమైన పనితనం, చవక కూడా. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు, అయినా కొన్నాళ్లు అమ్మకం ఆపి 1926లో మళ్లీ మొదలుపెట్టారు. సీసం ఎక్కడికి పోతుంది? సైలెన్సర్లోంచి రోడ్డు మీదికి, అక్కడినుంచి పిల్లల రక్తంలోకి. మనదేశంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 2000 ఫిబ్రవరి 1న. ప్రపంచంలో ఆఖరి బంకు అల్జీరియాలో 2021లో ఆగింది. వందేళ్లు. ఆ మందు కూడా లీటరుకి గ్రాములో కొంత వంతే సుమా.

సరే, టైమ్ అయిపోయిందని మాస్టారు చెయ్యి ఊపుతున్నారు. సీసాలు తీద్దాం. ఎడమది చూడండి, మీగడ మీగడగానే ఉంది. కుడిది... కింద నీళ్లు దిగాయి, ముందు వరసలో అమ్మాయికి కనపడుతోంది కదమ్మా? పైన నూనె నల్లగా తేరింది. కానీ మధ్యలో వేలెడు మందాన గోధుమరంగు పట్టీ ఒకటి మిగిలిపోయింది చూశారా, అదే ర్యాగ్. నాలుగు చుక్కలు ఎక్కువే వేసినట్టున్నాను. ఎవరైనా ఇలా రండి, ఎడమ సీసాలో ఒక్క చుక్క వేసి చూద్దాం.