పదహారేళ్ళ వయసులో ఒక గడ్డ

(ఒక మహిళా డిగ్రీ కళాశాలలో అక్టోబరు నెలలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అధ్యాపకులకు, అమ్మాయిలందరికీ నమస్కారం.

నన్ను పిలవడానికి మీ విద్యార్థినులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. సభ దేని గురించమ్మా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అదేనండీ, ఆడవాళ్ళ క్యాన్సర్" అన్నారు. తప్పు పట్టడం లేదు. వాళ్ళ వయసులో నేను ఆ మాత్రం కూడా అనగలిగేదాన్ని కాదు. ఈరోజు ఆ దాటవేసిన మాటనే పట్టుకుని మాట్లాడతాను. రొమ్ము క్యాన్సర్.

2025 మే 31న హైదరాబాద్ హైటెక్స్‌లో ప్రపంచ సుందరి పోటీ ముగిసింది. వందకు పైగా దేశాల అమ్మాయిలు పాల్గొంటే థాయిలాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ గెలిచింది. ఆ దేశానికి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఆ నెలంతా పోచంపల్లి మగ్గాల దగ్గర, రామప్ప గుడిలో, లాడ్ బజారు గాజుల దుకాణాల్లో ఎక్కడ చూసినా ఆ అమ్మాయిల ఫొటోలే. నా చూపు మాత్రం ఆ వార్తల మధ్య ఉన్న ఒక చిన్న పేరా దగ్గర ఆగిపోయింది. ఓపల్‌కు పదహారేళ్ళ వయసులో రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి తీశారు. అది క్యాన్సర్ గడ్డ కాదు. ఆ భయం తీరాక ఆమె ఆ సంగతి మరిచిపోయి తన దారిన తాను పోలేదు. 'ఓపల్ ఫర్ హర్' పేరుతో రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్ళకు చెప్పే పని పెట్టుకుంది.

అందాల పోటీల మీద నాకు గౌరవం తక్కువ. అది దాచను. ఆడపిల్లను కొలతల్లో చూసే అలవాటును అవి పెంచుతాయని 1996లో బెంగళూరులో పోటీ జరిగినప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్ళు అన్నారు. మొన్న హైదరాబాద్‌లోనూ మహిళా సంఘాలు ఆ మాటే అన్నాయి. అందులో నిజం ఉందని ఇప్పటికీ నమ్ముతాను. పోటీలో సేవా కార్యక్రమానికి కూడా ఒక విభాగం ఉంటుంది కాబట్టి, కిరీటం కోసం చేసేది ఏం సేవ అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఓపల్ విషయంలో గడ్డ ముందు వచ్చింది, కిరీటం తర్వాత వచ్చింది. శరీరం ఎంత అందంగా ఉందో చూడడానికి లోకమంతా కళ్ళు పెట్టుకుని కూర్చున్న చోట, ఈ శరీరానికి జబ్బు కూడా చేయవచ్చు, నాకు ఒకసారి భయం వేసింది అని చెప్పింది ఆ అమ్మాయి. ఇరవై ఒక్క ఏళ్ళకే అలా చెప్పాలంటే లోపల ఎంత ఎదిగి ఉండాలి!

మా పెద్దమ్మ చెప్పలేకపోయింది. ఆమెకు గడ్డ తగిలినప్పుడు నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి జబ్బు కాదనుకుంది. వేడి చేసిందని ఒకరంటే పసుపు పట్టు వేసుకుంది. మగ డాక్టరుకు చూపించడం సిగ్గు, కొడుకులకు చెప్పడం అంతకంటే సిగ్గు. ఏడాది గడిచాక చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది. అప్పుడు మా అమ్మతో చెప్పింది, అదీ వంటింట్లో, గొంతు తగ్గించి. ఆసుపత్రికి వెళ్ళేసరికి జబ్బు ఎముకల దాకా పాకింది. ఇంట్లో ఎవరికీ ఆమె మీద ప్రేమ తక్కువ కాదు. ఆ ఒక్క మాట పలకడానికి ఇంట్లో చోటు లేదు, అంతే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది 98 వేల మందికి పైగా దానివల్ల చనిపోయారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తొలిదశలో పట్టుకుంటే చాలావరకు నయమయ్యే జబ్బు ఇది. అయినా ఇంతమంది పోతున్నారంటే, ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎంత ఎక్కువో ఊహించండి. ఆ 98 వేలలో మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఎందరో అనుకుంటే నాకు నిద్ర పట్టదు.

కిరీటం పెట్టుకున్న అమ్మాయిలు ఇలాంటి మాటలు పైకి అనడం ఇదే మొదలు కాదు. 2017లో ప్రపంచ సుందరి అయిన మానుషి ఛిల్లర్ నెలసరి పరిశుభ్రత గురించి ఊళ్ళలో తిరిగి మాట్లాడింది. మన హైదరాబాద్ అమ్మాయి, వాసవి ఇంజనీరింగ్ కళాశాలలో చదివి మిస్ ఇండియా కిరీటం గెలిచిన మానస వారణాసి, పిల్లలపై జరిగే లైంగిక వేధింపుల గురించి మాట్లాడింది. నెలసరి, వేధింపు, రొమ్ములో గడ్డ: మూడూ మన ఇళ్ళలో తలుపు వేసుకుని కూడా మాట్లాడుకోని విషయాలే.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. గడ్డ తగిలితే హడలిపోకండి. మీ వయసులో వచ్చే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. అలాగని మీ అంతట మీరే తేల్చుకోకండి, డాక్టరు చూసి తేల్చాలి. మీ వయసువారికి సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి తిరిగినా, దాని నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టలు పడినా ఆగకండి. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉంటే మార్పు వచ్చినప్పుడు తెలుస్తుంది. చూసుకోవడానికి నెలసరి అయిపోయిన కొద్ది రోజుల తర్వాత సమయం అనువుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉంది. మీ అమ్మలు, అత్తలు, పిన్నమ్మలు దానికి వెళ్ళారో లేదో నాకైతే అనుమానమే.

పక్క గదిలో ఒక డాక్టరమ్మ కూర్చుని ఉన్నారు. గడ్డ చేతికి ఎలా తగులుతుందో చూపించడానికి రబ్బరు నమూనా తెచ్చారు. సభ అయ్యాక ఒక్కొక్కరుగా వెళ్ళి చేతితో తడిమి చూడండి. నన్ను పిలవడానికి మా ఇంటికి వచ్చిన ఆ ఇద్దరు అమ్మాయిలు ముందు వెళ్తారట. ఇందాక బయట నాతో వాళ్ళే చెప్పారు, ఈసారి రొమ్ము అనే మాటను మింగకుండా.