పంచదార లాంటి కొండలు: టాల్‌స్టాయ్ పిల్లలకి చూపించిన కాకసస్

[తెర మీద: నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య మ్యాప్. తర్వాత మంచు శిఖరాలు.]

మనలో ఒక తరం రష్యన్ పిల్లల పుస్తకాల్ని విశాలాంధ్ర షాపుల్లో కొనుక్కుని తెలుగులోనే చదువుకుంది. ఆ పుస్తకాల్లో మంచు, అడవి, ఎలుగుబంట్లు బాగా గుర్తుంటాయి. కొండలు అంతగా గుర్తుండవు. ఈ వీడియోలో ఒక్క కొండ ప్రాంతం గురించి, ఒక్క కథ గురించి మాట్లాడుకుందాం. ప్రాంతం కాకసస్. కథ ‘కాకసస్ ఖైదీ’, రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1872లో రాశాడు. రష్యాలో ఇప్పటికీ అయిదో తరగతిలో చెబుతారు.

అసలు ఆ కొండల్లో ఏం జరిగిందో ముందు తెలియాలి. 1817 నుంచి 1864 దాకా రష్యా సామ్రాజ్యం అక్కడి చెచెన్లు, అవార్లు, చెర్కెస్సుల మీద యుద్ధం చేసింది. 1851లో టాల్‌స్టాయ్ అక్కడికి వెళ్లినప్పుడు అతనికి 22 ఏళ్లు. వెళ్లి, సైన్యంలో చేరాడు. అంటే ఈ కథ చెప్పిన మనిషి దండెత్తిన పక్షం వాడు. ఇది మర్చిపోకుండా కథలోకి వెళ్దాం.

ఈ పేరుతో అప్పటికే రష్యన్ కవి పుష్కిన్ కావ్యం ఉంది, 1822లో అచ్చయింది. అందులో కొండలు ఘనంగా, గంభీరంగా ఉంటాయి. ఖైదీని ప్రేమించిన కొండ అమ్మాయి అతన్ని విడిపించి, తను నదిలో పడి చనిపోతుంది. చివర్లో కాకసస్‌ని రష్యన్ జనరల్ ముందు తలవంచమంటాడు కవి. టాల్‌స్టాయ్ ఆ పేరు తీసుకుని, లోపలి సరుకంతా మార్చేశాడు.

[తెర మీద: కాలికి తాళం వేసిన కొయ్య. నెమ్మదిగా కొండ ఎక్కుతున్న మనిషి.]

జీలిన్ అనే ఆఫీసర్‌ని కొండవాళ్లు పట్టుకుంటారు. డబ్బు తెప్పిస్తే వదిలేస్తామంటారు. తల్లి దగ్గర అంత డబ్బు లేదని అతనికి తెలుసు, అందుకే ఉత్తరం మీద కావాలనే తప్పు అడ్రస్ రాస్తాడు. ఒకరోజు మందాకు కోసమని, తనని బంధించి ఉంచిన యజమాని కొడుకుని నమ్మించి, పారిపోకుండా కాలికి తాళం వేసిన కొయ్యతోనే కొండెక్కుతాడు. దక్షిణం వైపు చూస్తే కొండ వెనక కొండ, వాటన్నిటి పైన పంచదారలా తెల్లటి మంచు కొండలు. ఆ అందం గురించి అంతే. వెంటనే ఇటు తిరిగి, నది ఎక్కడ, పొగ ఎక్కడ, మన కోట ఎటు ఉండొచ్చు అని లెక్కలు వేసుకుంటాడు. పారిపోవాలనుకునే మనిషికి కొండ ఎలా కనిపిస్తుందో అలాగే రాశాడు టాల్‌స్టాయ్. వర్ణన కోసం ఒక్క మాట ఎక్కువ వాడలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

ఇంకో పేజీ ఉంది. ఊళ్లో తెల్లగడ్డం ముసలాయన జీలిన్‌ని చూస్తే చాలు, కోపంతో ఊగిపోతాడు. ఎందుకని అడిగితే యజమాని చెబుతాడు: ఆయనకి ఎనిమిది మంది కొడుకులు. రష్యన్లు ఊరిని నాశనం చేసి ఏడుగురిని చంపారు. ఎనిమిదో వాడు రష్యన్లలో కలిసిపోతే, ఆ కొడుకుని తండ్రే వెతుక్కుంటూ వెళ్లి చంపాడు. పిల్లల కథలో, గెలిచిన దేశపు పిల్లల చేతిలో, ఈ పేరా పెట్టాడు టాల్‌స్టాయ్. సంజాయిషీ ఏమీ రాయలేదు. టీచర్లు ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ కాసేపు ఆగాలని నా కోరిక.

లోటు కూడా ఉంది. కొండవాళ్లందర్నీ కథ ‘తాతార్లు’ అనే పిలుస్తుంది. జీలిన్‌కి వాళ్ల భాష పెద్దగా రాదు కాబట్టి, వాళ్లలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో మనకీ సరిగ్గా తెలియదు.

కథ వెనక నిజంగా జరిగిన సంగతి ఒకటి ఉంది. 1853లో టాల్‌స్టాయ్, అతని చెచెన్ స్నేహితుడు సాదో గుర్రాల మీద గ్రోజ్నీ వైపు వెళుతుంటే శత్రువులు తరిమారు. టాల్‌స్టాయ్ ఎక్కింది సాదో గుర్రం, వేగమైనది. ఒక్కడే తప్పించుకోవచ్చు, కానీ స్నేహితుణ్ణి వదల్లేదు. ఇద్దరూ బయటపడ్డారు. కథలో మాత్రం జీలిన్‌ని వదిలేసి పారిపోయేది కొస్తీలిన్, సాటి రష్యన్ ఆఫీసరే.

[తెర మీద: తడిమట్టి, వేళ్లు. చిన్న బొమ్మ తయారవుతోంది.]

ఇక దీనా. యజమాని కూతురు, పదమూడేళ్ల పిల్ల. జీలిన్ మట్టితో ముక్కు, చేతులు, కాళ్లు పెట్టి, అక్కడి చొక్కా తొడిగినట్టు ఒక బొమ్మ చేసి ఇంటి కప్పు మీద పెడతాడు. దీనా తీసుకుపోతుంది. తెల్లారేసరికి బొమ్మకి ఎర్ర గుడ్డపీలికలు చుట్టి, చంటిబిడ్డలా ఊపుతూ ఉంటుంది. ఓ ముసలమ్మ లాక్కుని పగలగొడితే, జీలిన్ ఇంకోటి చేసి ఇస్తాడు. దీనా అతనికి చిన్న కూజా తెచ్చిస్తుంది. నీళ్లేమో అనుకుంటాడు, చూస్తే పాలు.

చివరికి అతన్ని లోతైన గోతిలో వేసి, చంపాలని మాట్లాడుకుంటుంటే, రాత్రిపూట పొడుగాటి కర్ర దించి బయటికి రప్పించేది ఈ పిల్లే. కాలి తాళాన్ని రాయితో కొట్టి విరగ్గొట్టాలని చూస్తుంది. చేతులు పుల్లల్లా సన్నం, బలం చాలదు. రాయి విసిరేసి ఏడుస్తుంది.

[తెర చీకటి. శబ్దం మాత్రమే.]

అతను వెళ్లిపోతాడు. ఆమె కొండ మీదికి పరిగెడుతుంది. చీకట్లో మనిషి కనబడదు. జడలో కట్టుకున్న నాణేలు వీపు మీద గలగలమనడం మాత్రం వినిపిస్తుంది. ఆ తర్వాత దీనా గురించి కథలో ఒక్క వాక్యం కూడా లేదు.