పంటి సిమెంట్‌కు కూల్ డ్రింక్ చేటా, నిమ్మరసం చేటా?

వ్యాఖ్యాత: మీ పళ్ల సమస్యలకు జవాబు చెప్పడానికి డాక్టరు గారు సిద్ధంగా ఉన్నారు. మొదటి ఫోను తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. చిగురు దగ్గర అరిగిన రెండు పళ్లకు రెండేళ్ల క్రితం సిమెంట్ పెట్టించుకున్నాను. ఇప్పుడు అంచులు కరిగిపోయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటున్నాయి. నేను కూల్ డ్రింకులు అసలు ముట్టనండి.

డాక్టర్: పొద్దున్నే ఏం తాగుతారమ్మా?

శ్రోత: గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె. పేపరు చదువుతూ ఓ అరగంట తాగుతాను.

డాక్టర్: అనుకున్నాను. సిమెంట్ పెట్టాక నీలం లైటు వేశారా?

శ్రోత: లేదండి. పొడిలో ఏదో ద్రవం కలిపి పెట్టారు.

డాక్టర్: అయితే అది గ్లాస్ అయానోమర్ అయి ఉంటుంది. ఆ పొడి ఒక రకం గాజు, ద్రవంలో పాలీయాక్రిలిక్ ఆమ్లం ఉంటుంది. గాజులోంచి వచ్చిన కాల్షియం, అల్యూమినియం ఆ ఆమ్లాన్ని ముడివేసి గట్టిపరుస్తాయి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం సరిగ్గా ఆ లోహాలనే పట్టి లాగేస్తుంది. ఈ సిమెంట్‌ను ప్రయోగశాలలో నెలల తరబడి నానబెట్టి చూస్తే కోలాలో కన్నా నారింజ, ఆపిల్ రసాల్లోనే ఎక్కువ కరిగింది. కోలాలోని ఫాస్ఫారిక్ ఆమ్లానికి ఆ లాగే గుణం తక్కువ. నోట్లో లాలాజలం ఉంది కాబట్టి అంత వేగంగా కరగదు. కానీ మీరు అరగంటసేపు గుక్క గుక్కా తాగుతూ లాలాజలానికి తెరిపి ఇవ్వడం లేదు.

శ్రోత: మానేయమంటారా?

డాక్టర్: మానేస్తే సంతోషం. ఆరోగ్యం కోసమని మొదలుపెట్టి ఉంటారు, మానరని నాకు తెలుసు! కనీసం ఒక్కసారిగా తాగేసి, మామూలు నీళ్లతో పుక్కిలించండి. గంట దాకా బ్రష్ పట్టకండి, ఆమ్లం తగిలి మెత్తబడిన పన్ను అరిగిపోతుంది. ఆ సిమెంట్ మాత్రం మళ్లీ పెట్టించుకోవాల్సిందే.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, రాత్రిళ్లు కారు నడుపుతాను. నిద్ర రాకుండా కూల్ డ్రింక్ తాగుతుంటాను, అదీ చక్కెర లేనిదే. నాది లైటు వేసి పెట్టిన సిమెంట్. అది బాగానే ఉంది, కానీ నాలుకకు గట్టులా తగులుతోంది.

డాక్టర్: సిమెంట్ పెరగలేదు బాబూ, చుట్టూ ఉన్న పన్ను తరిగింది. మీది కాంపోజిట్ అయి ఉంటుంది, అంటే ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో చేసిన పూత. ఆమ్లం వల్ల దాని పైపొర కాస్త గరుకై రంగు పట్టవచ్చు కానీ, పన్నులా కరగదు. ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే పంటిపై ఉండే గట్టి పొర, ఎనామిల్, కరగడం మొదలవుతుంది. చాలా కోలాల పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. చక్కెర లేకపోతే పుచ్చు భయం తగ్గుతుందేమో, ఆమ్లం ఎక్కడికి పోతుంది? అన్నట్టు, నిద్ర ఆపుకోవడానికి డ్రింకు మీద ఆధారపడి బండి నడపకండి. పక్కన ఆపి కాసేపు పడుకోండి.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. అమ్మా, క్లుప్తంగా అడగండి.

శ్రోత: మా బాబుకు ఇవాళే ఆ పొడి, ద్రవం కలిపే సిమెంట్ పెట్టారండి. సాయంత్రం బత్తాయి రసం ఇవ్వవచ్చా?

డాక్టర్: వద్దమ్మా. అది పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది, ఈలోపు ఆమ్లం తగిలితే పైపొర దెబ్బతింటుంది. ఇవాళ్టికి పాలు ఇవ్వండి.