లైసెన్స్ తిరిగొచ్చింది, మరి ఇన్సూరెన్స్ సంగతి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని వచ్చారు కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్తాను.

బెంజి సర్కిల్ దగ్గర డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికో, గుంటూరు హైవే మీద ఫోన్ మాట్లాడుతూనో, రెడ్ సిగ్నల్ దాటేసో లైసెన్స్ సస్పెండ్ అయినవాళ్ళు, గడువు అయిపోగానే మా దగ్గరికొచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, ఇప్పుడు నా కారుకి ఇన్సూరెన్స్ ఇస్తారా, ప్రీమియం డబుల్ చేస్తారా?"

ఇస్తారు. సస్పెండ్ అయిందన్న ఒక్క కారణంతో డబుల్ చెయ్యరు. మన దగ్గర ప్రీమియం ముఖ్యంగా కారుని చూసి లెక్క కడతారు: ఇంజన్ ఎన్ని సీసీ, బండి వయసెంత, ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) ఎంత, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) ఎంత అని. థర్డ్ పార్టీ రేటైతే, అంటే అవతలివాళ్ళకి జరిగే నష్టానికి తీసుకునే ఇన్సూరెన్స్ రేటైతే, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో సొంత కార్లకు పెట్టిన రేట్లు 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 లోపు 3,416, ఆ పైన 7,897. ఆ పట్టికలో మీ లైసెన్స్ చరిత్రకి గడే లేదు. కాకపోతే ప్రపోజల్ ఫారంలో డ్రైవర్ గురించి, పాత ప్రమాదాల గురించి అడిగితే ఏజెంటు చేత ఖాళీగా వదిలేయించకండి, ఉన్నది ఉన్నట్టు రాయించండి.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. విజయవాడలో, గుంటూరులో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అమెరికాలో పిల్లలున్న ఇళ్ళే. అక్కడ పద్ధతి వేరు. లైసెన్స్ పోయి తిరిగి రావాలంటే చాలా రాష్ట్రాల్లో ఇన్సూరెన్స్ కంపెనీయే ఇతనికి ఇన్సూరెన్స్ ఉందని చెప్పే ఎస్ఆర్-22 అనే పత్రాన్ని ప్రభుత్వానికి పంపాలి, ఫ్లోరిడా, వర్జీనియాల్లో తాగి నడిపిన కేసులకైతే అలాంటిదే ఎఫ్ఆర్-44 అనే పత్రం అడుగుతారు. చాలా చోట్ల అది మూడేళ్ళు నడవాలి. మధ్యలో పాలసీ ఆగిందా, కంపెనీ ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పేస్తుంది, లైసెన్స్ మళ్ళీ సస్పెండ్ అవుతుంది. ప్రీమియం కూడా బాగా పెరుగుతుంది. కారు లేనివాళ్ళకి నాన్ ఓనర్ పాలసీ అని విడిగా ఉంటుంది. మీ అబ్బాయికో అమ్మాయికో అక్కడ ఆ పరిస్థితి వస్తే, ఏం జరిగినా పాలసీ ఒక్క రోజు కూడా తెగనివ్వొద్దని చెప్పండి.

ఇక మన సంగతి. మనం భయపడాల్సింది ప్రీమియం గురించి కాదండీ. మీ పాలసీ కాగితంలో డ్రైవర్స్ క్లాజ్ అని ఒక చిన్న పేరా ఉంటుంది. దాని సారాంశం ఇది: ప్రమాదం జరిగిన సమయంలో బండి నడిపే మనిషికి చెల్లే లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ పొందడానికి అనర్హుడై ఉండకూడదు. పాలసీ కారు పేరు మీదే ఉన్నా, క్లెయిమ్ నిలబడేది స్టీరింగ్ పట్టుకున్న మనిషి లైసెన్స్ మీద.

సస్పెన్షన్‌లో ఉండగా "ఇక్కడిదాకే కదా" అని కారు తీసి ఎవరినైనా గుద్దారనుకోండి. మీ కారు రిపేరు డబ్బులు రావు, అది సరే. అవతలి కుటుంబానికి ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ పరిహారం ప్రకటిస్తే, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారిలో, కంపెనీ ముందు వాళ్ళకి కట్టేసి తర్వాత ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. అప్పుడు ఇల్లు, పొలం మీదికి వస్తుంది. ఇదిగాక సస్పెన్షన్‌లో నడిపినందుకు 10,000 రూపాయల జరిమానా, మూడు నెలలదాకా జైలు కూడా పడొచ్చు. ఇలాంటప్పుడు కొంతమంది బావమరిదినో డ్రైవర్నో తీసుకెళ్ళి "ఇతనే నడిపాడు" అని చూపిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. సీసీ కెమెరాలున్న ఈ రోజుల్లో అది నిలవదు, నిలిచినా ఏ తప్పూ చెయ్యని మనిషిని కోర్టు బోను ఎక్కించినట్టే.

ఇంకో పొరపాటు దీనికి పూర్తిగా ఎదురు. "నేను నడపట్లేదుగా, పాలసీ ఎందుకు" అని రెన్యువల్ వదిలేస్తారు. 2024 సెప్టెంబరు గుర్తుందిగా, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళ ముందు ఆగి ఉన్న కార్లే మునిగిపోయాయి. ఆగి ఉన్న కారు వరదలో పాడైతే మన సొంత కారు నష్టానికి ఉండే ఓన్ డ్యామేజ్ కవర్ అక్కరకొస్తుంది, అప్పుడు లైసెన్స్ ప్రసక్తే రాదు. పైగా మీ ఆవిడో, డ్రైవరో నడపొచ్చు కదా. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే, ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఆలస్యంగా రెన్యూ చేస్తే బండి ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, మధ్యలో ఖాళీ పోయిన రోజులకి మాత్రం ఏ కవరూ రాదు. ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డెక్కితే మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000 రూపాయల జరిమానా.

సరే, గడువు అయిపోయింది. క్యాలెండర్‌లో మూడు నెలలు తిరిగినంత మాత్రాన లైసెన్స్ దానంతటది బతకదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఏముందంటే, రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేస్తేనే సరెండర్ చేసిన లైసెన్స్ తిరిగిస్తారు. ఆర్టీఓ ఆఫీసు నుంచి కార్డు చేతికొచ్చాక కూడా ప్రభుత్వ రవాణా వెబ్‌సైట్ పరివాహన్‌లో మీ లైసెన్స్ నంబరు కొట్టి స్టేటస్ చూడండి. అక్కడింకా సస్పెండెడ్ అనే ఉంటే వెంటనే రాతపూర్వకంగా అడిగి సరిచేయించుకోండి. క్లెయిమ్ వస్తే కంపెనీవాళ్ళు చూసేది ఆ స్క్రీనే, మీ జేబులో కార్డు కాదు. ఈలోపు కార్డు గడువే తీరిపోయి ఉంటే రెన్యువల్ కూడా చేయించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. అప్పీల్ వేసినవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: అప్పీల్ పెండింగ్‌లో ఉందని సస్పెన్షన్ ఆగదు, పై అధికారి స్టే ఇస్తేనే ఆగుతుంది.

చివరిగా ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ (పీఏ) కవర్. 15 లక్షలది. చెల్లే లైసెన్స్ ఉన్న ఓనర్‌కే అది వర్తిస్తుంది, కాబట్టి సస్పెన్షన్‌లో ఉండగా రెన్యూ చేసినవాళ్ళ పాలసీల్లో ఆ లైను తీసేసి ఉండొచ్చు. కార్డు చేతికి రాగానే ఎవరూ దాని గురించి ఆలోచించరు, కానీ రేపు జరగరానిది జరిగితే మీ భార్యాపిల్లలకు నేరుగా అందే డబ్బు అదే. లేకపోతే విడిగా కూడా తీసుకోవచ్చు. ఫోన్‌లో పాలసీ పీడీఎఫ్ ఉన్నవాళ్ళు ఇప్పుడే తెరవండి, ప్రీమియం వివరాల పట్టికలో పీఏ ఓనర్ డ్రైవర్ అన్న చోట ఎంత రాసి ఉందో చూడండి. ఖాళీగానో, సున్నాగానో ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి, ముందు మీ దగ్గరికే వస్తాను.