ఆ పెంకు ఎక్కడ దొరికింది?

[దృశ్యం: శాలిహుండం కొండ మెట్లు. దిగువన వంశధార. పొద్దున్న ఏడు గంటల ఎండ.]

నమస్కారం అండీ. కార్తీకమాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: ఈ ఆదివారం పిక్నిక్ ఎక్కడికి? మా చరిత్ర బృందంలోనూ అదే మాట. మేం ఉసిరిచెట్టుతో పాటు పక్కనే ఓ పాత కట్టడం కూడా ఉన్న చోటు వెతుక్కుంటాం. పొద్దున్న నడక, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం ఎవరో ఒకరి ప్రసంగం. ఇలాంటి రోజు ఎలా గడుస్తుందో చూపిస్తాను, రండి.

[దృశ్యం: ఇటుక స్తూపాలు]

ఇవి బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, అంటే ప్రార్థనా మందిరాలు. 1919లో ఈ చోటును గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. అవును, ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు తలుచుకునే ఆ గిడుగు గారే. పురావస్తు శాఖ ఉద్యోగి కాదు. పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు. తవ్వకాలు ఆ తరవాత, 1940లలో, 50లలో జరిగాయి. మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలున్నాయి, తప్పకుండా చూడండి. ఊరి మీద ప్రేమ ఉన్న మనిషి కళ్లు తెరిచి నడిస్తే ఎంత దొరుకుతుందో నాకు ఈ కొండ ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

[దృశ్యం: అరచేతిలో కుండపెంకు, దగ్గరగా]

ఈ పెంకు చూడండి. లోపల నలుపు, బయట ఎరుపు. రంగు వేసింది కాదు. కుండను ఆవంలో బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడదు, అక్కడ నల్లబడుతుంది. బయట గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి కుమ్మరి చేతిపని ఇది.

నా మొదటి నడకలో ఇలాంటిదే ఒకటి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. వారం తరవాత బృందంలోని పెద్దాయనకు సంబరంగా చూపించాను. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఎక్కడ దొరికింది బాబూ?" గట్టు మీదా? వాన కోసిన గండిలోనా? ఎంత లోతున? చెప్పలేకపోయాను. ఆ పెంకు కథ అక్కడితో తెగిపోయింది. తీసిన చోట పెట్టేద్దామన్నా ఆ చోటు గుర్తు లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే మా నడకల్లో తవ్వడం లేదు, తీయడం లేదు. ఉన్నచోటే పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీస్తాం, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకుంటాం, నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఇక పొలం దున్నుతుంటే నాణేల లాంటివి బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నాటి నిధుల చట్టం చెప్పేది అదే.

[దృశ్యం: శ్రీముఖలింగం, సాయంత్రం. గోడ మీద శాసనం]

ఇది తూర్పు గంగుల పాత రాజధాని, కళింగనగరం. ఈ గుడిలో శాసనాలు చాలా ఉన్నాయి. ఎదురుగా లైటు వేస్తే గోడ చదునుగా కనిపిస్తుంది, ఒక్క అక్షరం పోల్చుకోలేం. ఇప్పుడు టార్చిని రాతి పక్కకు జరిపి, ఏటవాలుగా వేస్తున్నాను. చూశారా? ప్రతి గంటులోనూ నీడ పడి అక్షరం లేచి నిలబడింది! ముగ్గుపిండి పూయొద్దు, తడపొద్దు, టార్చి చాలు. ఈ శాసనాల్లో చాలా వరకు అఖండదీపాల కోసం ఇచ్చిన దానాలే. శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, ఏడాది చివరి నెలలైతే 79; మనం వాడే క్రీస్తు శకం వస్తుంది. తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగు పట్టాభిషేకం శక 999 చివర్లో జరిగింది, అంటే 1078 ఫిబ్రవరి.

విజయనగరం మిత్రులు రామతీర్థం వెళ్తుంటారు. రాముడి గుడి, గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాలు, దుర్గకొండ మీద జైన శిల్పాలు, అన్నీ ఒకే ఊళ్లో. అక్కడికి ఒక్క పూట చాలదు, రోజంతా పెట్టుకోండి.

[దృశ్యం: రచ్చబండ, చాపలు, ఒక లాంతరు]

ప్రసంగాలు ఇదివరకు టౌన్‌లో హాలు తీసుకుని పెట్టేవాళ్లం. వచ్చినవాళ్లే మళ్లీ వచ్చేవారు. ఇప్పుడు చూసిన ఊళ్లోనే, రచ్చబండ దగ్గరే పెడుతున్నాం. నా మటుకు ఇదే మేము చేసిన మంచి పని. మొన్నటి సభలో అందరికంటే ఎక్కువ చెప్పింది ఓ మామ్మ. పొద్దున్న మమ్మల్ని చూసి, "ఏటి బాబూ, ఏటి ఎతుకుతన్నారు?" అని అడిగిన మనిషే. పెంకు ఫొటో చూపిస్తే, "ఇయ్యా? మా అత్త కాలంలో ఆ దిబ్బ మీద పాటిమట్టి బళ్లతో చేలకి తోలేవోరు, ఇలాటి పెంకులే పడేవి" అంటూ మెట్ట అవతలికి చెయ్యి చాపింది. పాటిమట్టి అంటే పాత ఊరి దిబ్బల నుంచి ఎరువుగా తోలుకునే మట్టి.

పై నెల నడక అటే.