టేపుతో పాటు హెడ్‌లనూ దాచిన రోజులు

ముందు ఈ పాత వీడియో రికార్డరు శబ్దం వినండి. ఈల వేసినట్టుంది కదా? అది టేపు చప్పుడు కాదు. నిమిషానికి 14,400 సార్లు తిరుగుతున్న చిన్న చక్రం, దాని అంచున నాలుగు హెడ్‌లు, అంటే టేపు మీద బొమ్మను రాసి, మళ్లీ చదివే చిన్న ముక్కలు. 1956 ఏప్రిల్‌లో యాంపెక్స్ సంస్థ చికాగోలో ప్రదర్శించిన వీడియో రికార్డరుకు ప్రాణమంతా ఇక్కడే ఉంది.

పాటను రికార్డు చేసినట్టే బొమ్మనూ చేద్దామంటే టేపును విపరీతమైన వేగంతో లాగాలి. బీబీసీ ఇంజనీర్లు సెకనుకు 200 అంగుళాలు లాగి చూశారు. పెద్ద చుట్ట కూడా పావుగంటకే ఖాళీ! యాంపెక్స్ వాళ్లు 2 అంగుళాల వెడల్పు టేపును సెకనుకు 15 అంగుళాలే నడిపి, దానికి అడ్డంగా హెడ్‌లను వేగంగా తిప్పారు.

అక్కడి నుంచి ఆపరేటరు కష్టాలు మొదలు. హెడ్ టేపును సరిగ్గా నొక్కాలి. రికార్డు చేసినప్పుడు ఎంత నొక్కిందో, చూపేటప్పుడూ అంతే. వెంట్రుకవాసి తేడా వచ్చినా తెర మీద గుమ్మం అంచు రంపం పళ్లలా విరిగిపోతుంది. అందుకే ఆపరేటరు కళ్లు నటుల మీద ఉండవు. వెనకాల కిటికీలు, స్తంభాల మీద ఉంటాయి. ఆ గీతలు నిటారుగా నిలిచేదాకా మర తిప్పుతూనే ఉండాలి. నన్నడిగితే అది వీణ శ్రుతి చేయడం లాంటి పనే.

తొలినాళ్లలో హెడ్‌లు దాదాపు 100 గంటలకే అరిగిపోయేవి. విప్పి ఫ్యాక్టరీకి పంపాల్సిందే. ఇంకో తలనొప్పి: ఏ హెడ్‌లతో రికార్డు చేశారో, టేపును మళ్లీ వాటితోనే చూడాలి. ఇంకో జత ఒప్పుకోదు. టేపును దాచాలంటే హెడ్‌లనూ దాచాలి! 1956 నవంబరు 30న అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ హాలీవుడ్‌లో వార్తలను టేపుకెక్కించి, పశ్చిమ తీర ప్రేక్షకులకు వాళ్ల సమయానికి తగ్గట్టు మొదటిసారి టేపు నుంచి ఆలస్యంగా ప్రసారం చేసింది. నమ్మకం చాలక, పక్కనే ఫిల్ము మీద కూడా తీసి ఉంచుకున్నారు. నేనైనా అదే చేసేవాణ్ని.

ఇక ఎడిటింగ్. టేపు మీద బొమ్మ కంటికి కనబడదు. సన్నని ఇనుప రజను కలిపిన ద్రవం పూస్తే హెడ్‌లు రాసిన గీతలు తేలతాయి. సూక్ష్మదర్శినిలో చూసి, రెండు గీతల మధ్య బ్లేడుతో కోసి అతికించాలి. కోత కాస్త పక్కకు పడిందా, ప్రసారంలో బొమ్మ ఒక్క గంతు వేసి కిందికి జారేది.