కోసే డాక్టరా, బిళ్ళలిచ్చే డాక్టరా?

అందరికీ నమస్కారం. ఈరోజు వీడియో మా మామ వల్ల పుట్టింది.

ఆయనది పత్తికొండ పక్కన పల్లె. గజ్జల దగ్గర ఉబ్బు వస్తే రెండేళ్ళు పంచె కింద దాచుకొని తిరిగాడు. ఈ మధ్య వేరుశనగ మూట ఎత్తబోయి నొప్పికి కూలబడ్డాడు. అప్పుడు గానీ కర్నూలు రాలేదు. హెర్నియా అన్నారు. బిళ్ళలతో పోయేది కాదు, ఆపరేషన్ చేయాల్సిందే. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక చీటీ రాసిచ్చి, ఫలానా ఆసుపత్రికే పొమ్మని గట్టిగా చెప్పి పంపాడట. ఆ చీటీ వెనక కమీషన్ లెక్కలేమిటో మన జిల్లాలో తెలియనిదెవరికి? చీటీని నేను జేబులో పెట్టుకున్నాను, మేము వేరే చోటికి పోయాం.

కర్నూల్లో ఆసుపత్రుల వీధులు మీకు తెలిసినవే. గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్ళారి వైపు నుంచి కూడా జనం వస్తారు. అడుగుకొక బోర్డు. మా మామ ఒక బోర్డు ముందు ఆగి తలెత్తాడు. డాక్టరు పేరు ఒక లైను, పేరు వెనక అక్షరాలు మూడు లైన్లు. కాసేపు కూడబలుక్కొని చదివి, నా వైపు తిరిగి అడిగాడు.

"అంతా బాగుంది గానీ అల్లుడూ, ఈయప్ప కోసే డాక్టరా, బిళ్ళలిచ్చే డాక్టరా?"

నవ్వాను. నవ్వాక చూసుకుంటే నాకూ పూర్తిగా తెలీదు. ఆ రోజు నుంచి అడిగి, చదివి తెలుసుకున్నది ఇప్పుడు చెప్తాను.

ముందు ఎంబీబీఎస్. ఇందులో చివరి రెండక్షరాలు, బీఎస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ సర్జరీ. అంటే కాగితం మీద ప్రతి ఎంబీబీఎస్ డాక్టరూ సర్జరీలో పట్టా ఉన్నవాడే. నాలుగున్నరేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ళను మన పెద్దాసుపత్రిలో ఏమంటారు? హౌస్ సర్జన్లు. పేరులో సర్జన్ ఉంది కదా అని మన పేషెంట్లు వాళ్ళను చుట్టుముట్టి "సారూ, ఆపరేషన్ ఎప్పుడు చేస్తావు?" అని అడుగుతుంటారు. పాపం, ఆ పిల్లలు రాత్రి డ్యూటీ చేసి, రక్తం శాంపిళ్ళు తీసి, కేస్ షీట్లు రాసి నిద్ర కళ్ళతో నిలబడి ఉంటారు.

సర్జన్ అనే మాట మన సర్కారులో ఇంకా చాలా చోట్ల తిరుగుతుంది. పీహెచ్‌సీలో జ్వరానికి మందు రాసే డాక్టరు గారి హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. మీ ఎద్దుకు గాలికుంటు టీకా వేసే డాక్టరు గారు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఇవన్నీ దొరల కాలం నాటి ఉద్యోగాల పేర్లు. ఇంగ్లీషు వాళ్ళు పోయారు, పేర్లు ఉండిపోయాయి.

మరి నిజంగా కోసే డాక్టరు ఎవరు? బోర్డు మీద ఎంఎస్ అని వెతకండి. మాస్టర్ ఆఫ్ సర్జరీ, మూడేళ్ళు. కానీ అక్కడితో ఆగితే చాలదు, దాని పక్కన బ్రాకెట్టు కూడా చదవాలి. జనరల్ సర్జరీ అని ఉంటే హెర్నియా, అపెండిక్స్, గాల్ బ్లాడర్ వంటివి. ఆర్థో అంటే ఎముకలు. కళ్ళకూ ఎంఎస్సే, చెవి, ముక్కు, గొంతుకూ ఎంఎస్సే. ఎంఎస్ బదులు డీఎన్‌బీ అని ఉన్నా సమానమే, పరీక్ష పెట్టేది జాతీయ బోర్డు. ఎండీ ఉంటే సాధారణంగా బిళ్ళలిచ్చే డాక్టరు. కానీ మత్తు ఇచ్చే డాక్టరు గారిదీ ఎండీయే, కాన్పుల డాక్టరమ్మకు ఎండీ అని ఉన్నా సిజేరియన్ చేసేది ఆవిడే. మా మామ ప్రశ్న మీరనుకున్నంత అమాయకమైనది కాదు.

ఎంఎస్ తర్వాత ఇంకో మూడేళ్ళు చదివితే ఎంసీహెచ్. మెదడు, గుండె, కిడ్నీలు, ప్లాస్టిక్ సర్జరీ, పిల్లల సర్జరీ. కూడండి. ఐదున్నర, మూడు, మూడు. మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకుండా నడిస్తే 11.5 ఏళ్ళు. ఇంటర్ అయిన పిల్లవాడు ముప్ఫైకి దగ్గరవుతాడు. నీట్‌లో ఒకటి రెండేళ్ళు పోనివాళ్ళు మీకెంతమంది తెలుసు?

ఎంసీహెచ్ అన్నది లాటిన్ మాట. మజిస్టర్ చిరుర్గియే, అంటే మాస్టర్ ఆఫ్ సర్జరీయే. ఆ చిరుర్గియే గ్రీకు నుంచి వచ్చింది. ఖైర్ అంటే చెయ్యి, ఎర్గాన్ అంటే పని. చేతిపని. అంత పెద్ద డిగ్రీ పేరును విప్పి చూస్తే తేలింది చేతిపని! మనవాళ్ళు మాత్రం చెయ్యి పేరు ఎత్తకుండా, చేతిలో ఉన్నదాని పేరు పెట్టారు: శస్త్రచికిత్స. శస్త్రం అంటే పదునున్న ఆయుధం. ఒక్క దీర్ఘం తగిలిస్తే శాస్త్రం.

సరే, ఆపరేషన్ రోజుకు వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

మామకు నడుములో ఇంజెక్షన్ ఇచ్చారు. నడుము కింద అంతా మొద్దుబారింది, మనిషికి మాత్రం తెలివుంది. ముందు పచ్చగుడ్డ అడ్డం కట్టారు కాబట్టి ఏమీ కనపడదు, అన్నీ వినపడతాయి. గంట తర్వాత బయటికి వచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి మాట ఇది.

"అల్లుడూ, లోపల ఆలిస్ అనే సిస్టరెవరో ఉంది. సారు ఊరికే 'ఆలిస్, ఆలిస్' అని పిలుస్తా ఉన్నాడు. ఆయమ్మ పలకనే లేదు."

ఆలిస్ సిస్టరు కాదు. ఆలిస్ ఫోర్సెప్స్ అని, కొసల్లో సన్నటి పళ్ళుండే పట్టుకారు. ఆస్కార్ ఆలిస్ అనే అమెరికా సర్జన్ పేరు దానికి నిలిచింది. కోయాల్సిన కండను జారకుండా పట్టుకోవడానికి వాడతారు. పేగును దాంతో పట్టుకుంటే పళ్ళు దిగుతాయి, అందుకే దానికి పళ్ళు లేని బాబ్‌కాక్ ఉంది. ఆ బాబ్‌కాక్ కూడా ఒక సర్జన్ పేరే. పెద్ద పొట్ట ఆపరేషన్లలో గోడను వెనక్కి లాగి పట్టే డీవర్ కూడా అంతే. ఈ ముగ్గురూ అమెరికాలో ఫిలడెల్ఫియా ఊళ్ళో పనిచేసినవాళ్ళే. కోకర్ అని ఇంకొకటుంది, కొసలో పన్ను ఉంటుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆ కోకర్‌కు థైరాయిడ్ మీద చేసిన పనికి 1909లో నోబెల్ వచ్చింది. నోబెల్ సంగతి థియేటర్లో ఎవరూ తలవరు, పేరు మాత్రం ఏ ఊరి థియేటర్లోనైనా వినపడుతుంది.

"అక్కడ దోమలు కూడా ఉన్నాయప్పా. సారే అన్నాడు, మస్కిటో అని."

అది మస్కిటో ఆర్టరీ ఫోర్సెప్స్. రక్తనాళాన్ని నొక్కి పట్టే పట్టుకార్లలో అతి చిన్నది కాబట్టి దోమ అన్నారు. కర్నూలు మనిషికి దోమ అనగానే ఇంకేం గుర్తొస్తుంది?

"ఇరవై రెండు ఇయ్యమన్నాడు. నా బెడ్డు నంబరూ ఇరవై రెండే. భయమేసింది."

అది బ్లేడు నంబరు. సర్జన్ కత్తి ఇప్పుడు ఒకే ముక్క కాదు. పిడి వేరు, బ్లేడు వేరు. కోత కాగానే బ్లేడు పారేసి, పిడిని మళ్ళీ వాడతారు. మూడో నంబరు పిడికి 10, 11, 12, 15 బ్లేడ్లు పడతాయి. నాలుగో నంబరు పిడికి 20 నుంచి 24 వరకు. పొట్ట మీద పెద్ద కోతకు 22, సన్న పనికి 15, చీముగడ్డను పొడవడానికి సూదిమొన లాంటి 11. మన తాతల కాలంలో గడ్డ లేస్తే ఊళ్ళో నాయీ బ్రాహ్మణులే కత్తితో కోసి చీము తీసేవారు, అది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మామకు కమురు వాసన కూడా వచ్చిందట. అది కాటరీ. కరెంటుతో కండను కోస్తూ, రక్తం కారకుండా మాడ్చేది. తొడకు ఒక ప్లేటు అంటించేది ఆ కరెంటు తిరిగి పోవడానికే. బోవీ అనే ఆయన తయారుచేసిన ఇలాంటి యంత్రాన్ని 1926 అక్టోబరు 1న హార్వే కుషింగ్ అనే మెదడు సర్జన్ బోస్టన్‌లో మొదట వాడాడు. ఆ బోవీ కూడా డాక్టరే, కానీ ఆయన డాక్టరేట్ మొక్కల మీద. డాక్టర్ అనే మాటతో ఎన్ని తంటాలో చూడండి.

చివరగా ఉబ్బు మళ్ళీ రాకుండా లోపల మెష్ పెట్టారు. సన్నటి వల. దేంతో చేస్తారని మామ అడిగితే, పాలీప్రొపిలీన్ అని చెప్పాను. అంటే ఏంటన్నాడు. ఎరువుల సంచులు నేసే జాతి ప్లాస్టిక్కే, కాకపోతే శరీరంలో పెట్టడానికి వేరుగా తయారుచేస్తారు అన్నాను.

"అంటే నా కడుపుకు యూరియా సంచితో మాసిక వేసినారా!"

కుట్లు పిగులుతాయేమో అని నవ్వాపుకోలేక చచ్చాం ఇద్దరం.

ఈ పరికరాలకు జంతువుల పేర్లు పెట్టే అలవాటు కొత్తది కాదు. చెవి డాక్టర్ల దగ్గర క్రొకడైల్ ఫోర్సెప్స్ ఉంది, రక్తనాళాల సర్జన్ల దగ్గర బుల్‌డాగ్ క్లాంప్ ఉంది. సుశ్రుత సంహితలో సింహముఖం, కాకముఖం, కంకముఖం అనే పట్టుకార్లున్నాయి. కంకం అంటే కొంగజాతి పక్షి. లోపలికి పోయిన ముల్లును తీయడానికి కంకముఖమే అన్నిటికన్నా మేలైనదని సుశ్రుతుడు చెప్పాడు. శస్త్రాలు 20, యంత్రాలు 101 అని లెక్కకట్టి, ఆ యంత్రాలన్నిటిలో ప్రధానమైనది చెయ్యే అన్నాడు. శిష్యులను ముందు గుమ్మడికాయ, దోసకాయ మీద కోత నేర్చుకోమన్నాడు.

ఇప్పుడు క్షౌరశాలకు వద్దాం. ఇంగ్లండులోనూ ఒకప్పుడు కోసే పని అక్కడి మంగళ్ళదే. 1540లో మంగళ్ళనూ సర్జన్లనూ కలిపి రాజు హెన్రీ కాలంలో ఒకే సంఘం చేశారు. 1745లో గానీ విడిపోలేదు. యూనివర్సిటీలో చదివి మందిచ్చేవాళ్ళు డాక్టర్లు, పని నేర్చుకొని కోసేవాళ్ళు ఉత్త మిస్టర్లు. ఆ చిన్నచూపును సర్జన్లు తర్వాత గర్వంగా మార్చుకున్నారు. ఈరోజుకూ అక్కడ సర్జన్‌ను మిస్టర్ అనే పిలుస్తారు. మన బోర్డుల మీద కనపడే ఎఫ్‌ఆర్‌సీఎస్ ఆ మిస్టర్ల రాయల్ కాలేజీలదే.

ఎఫ్ అంటే గుర్తొచ్చింది. బోర్డులో మూడో లైను నిండా ఉండేది ఎఫ్‌లే. ఎఫ్ అంటే ఫెలో. ఎఫ్‌ఆర్‌సీఎస్ వెనక గట్టి పరీక్షలున్నాయి. ఎఫ్‌ఏసీఎస్ అమెరికా సర్జన్ల కాలేజీలో సభ్యత్వం, పరిశీలించి ఇస్తారు, డిగ్రీ కాదు. ల్యాప్రోస్కోపీ సంఘాలు ఇచ్చే ఎఫ్‌ఐఏజీఈఎస్, ఎఫ్‌ఎంఏఎస్ లాంటివి కొన్ని రోజుల కోర్సు, ఒక పరీక్ష. అవి తప్పు అనను, నేర్చుకోవడం మంచిదే. కానీ మూడేళ్ళ ఎంఎస్‌నూ, కొన్ని రోజుల ఎఫ్‌నూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తే మా మామ లాంటివాళ్ళకు తేడా ఎట్లా తెలుస్తుంది? నాకు కోపం వచ్చేది అక్కడ.

ఇంకో చోట కూడా ఆగి చదవాలి. ఎంఎస్ పక్కన ఆయుర్వేద అని ఉంటే అది వేరే చదువు. శల్యతంత్రం అంటారు. 2020 నవంబరులో ఆయుర్వేద శల్య, శాలాక్య (కన్ను, చెవి, ముక్కు, గొంతు) పీజీలకు 58 రకాల ఆపరేషన్లు నేర్పవచ్చని నోటిఫికేషన్ వచ్చింది, దాని మీద డిసెంబరు 11న అల్లోపతి డాక్టర్లు దేశమంతా ఓపీలు ఆపారు. ఎవరిది ఒప్పని ఈ వీడియోలో తేల్చను. కానీ బ్రాకెట్టును పెద్దక్షరాల్లో రాయాలి, అంతవరకు నాకు అనుమానం లేదు.

ఇక ఆర్‌ఎంపీ. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మన పల్లెల్లో ఆ పేరుతో తిరిగేవాళ్ళలో చాలామందికి లేనిది ఆ రిజిస్ట్రేషనే. నిజమైన డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటుంది. మందుల చీటీ మీద, రసీదు మీద ఆ నంబరు ఉండాలని 2002 నియమావళిలోనే ఉంది. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. పేరు దొరక్కపోతే వెంటనే దొంగ డాక్టరని అరవకండి, స్పెల్లింగు మార్చి చూడండి, ఆయన్నే నంబరు అడగండి. తిక్క ప్రశ్న కాదది. మేము అడిగాం, ఆయన చీటీ తిప్పి చూపించాడు. ఇప్పటిదాకా ఈ ఆపరేషన్లు ఎన్ని చేశారని కూడా అడిగాం. బోర్డు మీద ఎక్కడా రాయనిది అదొక్కటే కదా.

మామ మూడో రోజు ఊరికి పోయాడు. మూటలు మాత్రం ఇప్పుడే ఎత్తొద్దన్నారు, కాబట్టి రచ్చకట్ట మీద కూర్చొని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడట. మొన్న ఫోన్ చేస్తే ఆ గొంతే వినపడింది.

"ఎంబీబీఎస్, ఎంఎస్, జనరల్ సర్జరీ. నంబరు కూడా ఉంది, చీటీ చూడు. మాసిక మాత్రం యూరియా సంచిది."